కుక్కపిల్ల మళ్ళీ ఇల్లు తడిపిందెందుకు?

మీ ఇంట్లో మూడు నెలల కుక్కపిల్ల ఒకటి ఉందనుకోండి. తెచ్చిన కొత్తలో అది ఎక్కడ పడితే అక్కడ మూత్రం పోసేది. వేసవి సెలవులు కనుక మీరు ఓపికగా పెరట్లోకి తిప్పి అలవాటు చేశారు. పదిహేను రోజులపాటు ఇల్లు శుభ్రంగా ఉంది. "మా టామీ అంతా నేర్చేసుకుంది" అని స్నేహితులకు చెప్పుకున్నారు కూడా. పదహారో రోజున గుమ్మం దగ్గరి కాళ్ళు తుడుచుకునే పట్టా తడిసిపోయింది. మర్నాడు ముందు గదిలో మడుగు! "తెలిసి కూడా కావాలనే చేస్తోంది" అని నాన్నగారు కోప్పడ్డారు. "దాన్ని ఎక్కడైనా వదిలేసి రండి" అంది నాయనమ్మ.

పాపం, ఆ పిల్ల నిజంగా కావాలనే చేసిందా?

అప్పుడే పుట్టిన కుక్కపిల్ల తనంతట తాను మూత్రం పోయలేదు. కళ్ళు తెరవని ఆ రోజుల్లో తల్లి దాని పొట్ట కింద నాకుతుంది. ఆ స్పర్శకు మూత్రం, మలం వెలుపలికి వస్తాయి. తల్లి వాటిని తినేసి పడకను శుభ్రం చేస్తుంది. మనకు అసహ్యంగా తోచవచ్చు గాని, తల్లికి అది ఉయ్యాల గుడ్డలు ఉతకడం వంటిదే. సుమారు మూడు వారాలు వచ్చేసరికి పిల్ల తప్పటడుగులు వేస్తూ పడకకు కాస్త దూరం పోయి పని ముగించుకుంటుంది. అంటే, పడుకునే చోటు పాడుచేయకూడదన్న గుణం దానిలో ముందే ఉంది. ఇల్లంతా తన పడకేనని మనం నేర్పాలి. అంత చిన్న ప్రాణికి మూడు గదుల ఇల్లు ఎంత పెద్ద ప్రపంచమో ఊహించండి!

ఇక మూత్రాశయం సంగతి. అది సాగే సంచి. దాని మూతిని బిగించి పట్టే కండరం ఉంటుంది. సంచి నిండుతున్నకొద్దీ దాని గోడల్లోని నాడులు వెన్నుపాము ద్వారా మెదడుకు కబురు పంపుతాయి. "ఇప్పుడే కాదు, ఆగు" అని పెద్ద కుక్క మెదడు ఆజ్ఞ ఇవ్వగలదు. పిల్లలో ఆ అదుపు ఇంకా కుదురుకోలేదు. కుక్కల్ని పెంచేవాళ్ళు ఒక మోటు లెక్క చెబుతారు: వయసు ఎన్ని నెలలో, దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు ఆగగలదట. మూడు నెలల పిల్లకు 4 గంటలన్నమాట. అదీ ఊరికే పడుకొని ఉంటేనే. గంతులు వేస్తున్నప్పుడు గంట ఆగడం కూడా కష్టం. తిండి కడుపులో పడగానే పెద్దప్రేగు కదలడం మొదలవుతుంది గనుక, తిన్న అరగంటలోపు బయటికి తీసుకుపోవాలి.

మరి ఆ పదిహేను రోజులు ఎలా ఆగింది? నిజానికి గడియారం చూసుకున్నది మీరు! జూన్‌లో బడి తెరిచారు, వేళలు తప్పాయి. వానలూ అప్పుడే వచ్చాయి. పెరట్లోని పొడి మట్టి మీద అలవాటైన పిల్లకు బురద కొత్త. కుక్కపిల్లలు ఈ పనికి చోటును పాదాల స్పర్శతో కూడా గుర్తుపెట్టుకుంటాయి. గరుకుగా ఉండే కొబ్బరిపీచు పట్టా దానికి గడ్డిలాగే తోచి ఉంటుంది. అదీగాక, అణగిపోయిన అలవాటు చెరిగిపోదు, కొంతకాలం తరువాత మళ్ళీ తలెత్తుతుంది. జీర్ణక్రియపై పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమతి పొందిన రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ దీనిని కుక్కలలోనే గమనించాడు.

ఒకసారి తడిసిన చోటే మళ్ళీ మళ్ళీ తడుస్తుంటే, ముక్కును అనుమానించాలి. మూత్రంలోని యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియాగా మారుస్తాయి. వాసన పట్టే కణాలు మన ముక్కులో సుమారు 50 లక్షలుంటే, కుక్క ముక్కులో జాతినిబట్టి పది కోట్లకు పైనే. ఫినాయిల్ వాసనకు మీరు మోసపోతారు గాని అది మోసపోదు. సబ్బునీళ్ళతో కడిగి, నీళ్ళు కలిపిన వెనిగర్‌తో తుడిచి, బాగా ఆరనివ్వండి. పట్టాను ఉతికి ఎండలో వేయండి. బ్లీచింగ్ పౌడరు మాత్రం అక్కడ చల్లకండి. మూత్రంతో గాని, వెనిగర్‌తో గాని కలిస్తే హాని చేసే వాయువులు పుడతాయి.

"అరిస్తే తోక ముడిచి తల దించుకుంటుంది కదా, తప్పు తెలియకేనా?" అని నాన్నగారు అడగవచ్చు. దీన్ని అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే శాస్త్రవేత్త పరీక్షించింది. యజమాని ఒక తినుబండారం చూపి "తినకు" అని చెప్పి గది బయటికి పోతాడు. తిరిగి వచ్చాక, కుక్క తిన్నదో లేదో అతనికి చెబుతారు. అందులో కొన్నిసార్లు అబద్ధం! 2009లో ప్రచురించిన ఫలితం ఏమిటంటే, ఆ దొంగచూపు తిట్లు తిన్న కుక్కలలోనే ఎక్కువగా కనబడింది. తినుబండారం తిన్నదా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. ఎప్పుడో పోసిన మూత్రానికి ఇప్పుడు కొడితే పిల్లకు తెలిసేది మీ కోపం ఒక్కటే. ఆ తరువాత అది మీ ఎదుట మానేసి మంచం కింద పోస్తుంది. పెరట్లో పని ముగించిన ఆ క్షణంలోనే చిన్న రొట్టెముక్క పెట్టి మెచ్చుకోండి. నిమిషం ఆలస్యమైతే అది ఎందుకు దొరికిందో దానికి తెలియదు.

ఘడియకోసారి కొద్దికొద్దిగా పోస్తున్నా, పోసేటప్పుడు మూలుగుతున్నా, రక్తం కనబడినా అది వ్యాధి కావచ్చు. వెంటనే పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాలి.

ఈ వారం ఒక ప్రయోగం చేసి చూడండి. నోటు పుస్తకంలో పిల్ల తిన్న వేళ, నిద్ర లేచిన వేళ, ఒంటికి, రెంటికి వెళ్ళిన వేళ వరుసగా రాయండి. ఇల్లు తడిసినప్పుడు ఎర్ర సిరాతో రాయండి. ఏడు రోజుల తరువాత ఆ ఎర్ర గుర్తులు ఏ వేళకు దగ్గరగా పడ్డాయో నాన్నగారికి, నాయనమ్మకు చూపించండి.