మీకు తెలుసా? కుంగే చిగురు, గుర్తుపెట్టుకునే స్కానర్

దవడ ఎముకతో కలిసిపోయి పంటి వేరులా పనిచేసే టైటానియం ఇంప్లాంట్‌ను స్వీడన్ వైద్యుడు బ్రోనెమార్క్ 1965లో తొలిసారి ఒక రోగికి అమర్చారు. పన్ను గట్టిగా నిలవడం ఒక ఎత్తు, సొంత పన్నులా కనబడటం మరో ఎత్తు. ఆ అందంలో పెద్ద వాటా చుట్టూ ఉన్న చిగురుదే.

ఇంప్లాంట్ గుండ్రంగా ఉంటుంది. అసలు పన్ను మెడ అలా ఉండదు. అందుకే ముందు తాత్కాలిక పన్ను పెట్టి, కొన్ని వారాలపాటు చిగురును దానికి తగ్గట్టు మలుస్తారు. చిక్కల్లా శాశ్వత పన్ను కోసం ఆ ఆకారం కొలత తీసే దగ్గరే. ఆ పన్ను తీయగానే, నిమిషాల్లోనే చిగురు కుంగడం మొదలవుతుంది. మెత్తటి పదార్థంతో అచ్చు తీసేలోగా ఆకారం మారిపోవచ్చు.

డిజిటల్ పద్ధతిలో మూడు స్కాన్లు తీస్తారు. తాత్కాలిక పన్ను ఉండగా నోట్లో ఒకటి, ఇంప్లాంట్ ఏ దిశలో ఉందో చెప్పే స్కాన్ బాడీ బిగించాక మరొకటి, బయటకు తీసిన తాత్కాలిక పన్నును నలువైపులా తిప్పి ఇంకొకటి. కంప్యూటర్ వీటిని ఒకదానిపై ఒకటి సరిపెడుతుంది. పన్ను అడుగు భాగం ఎలా ఉందో చిగురు గుంతా అలాగే ఉంటుంది కాబట్టి, చిగురు కుంగినా లెక్క తప్పదు. ఎంత చక్కటి ఉపాయం!

ఎక్కడ చూపించుకున్నా, ముందు పళ్లకు ఇంప్లాంట్ అయితే చిగురు ఆకారాన్ని ఎలా నమోదు చేస్తారో డాక్టరును తప్పక అడగండి. షుగరు, పొగతాగే అలవాటు ఉంటే దాచకండి.