మీకు తెలుసా? 45 పైసల టిక్కు, 3,000 రూపాయల గది

ఐఆర్‌సీటీసీలో రైలు టికెట్ బుక్ చేసేటప్పుడు, డబ్బు కట్టే ముందు ‘ప్రయాణ బీమా కావాలా’ అని అడిగే చిన్న గడి ఒకటి వస్తుంది. బెర్తు దొరుకుతుందో లేదో అన్న తొందరలో దాన్ని చదవకుండానే దాటేస్తుంటాం. ఆ బీమాకు మనిషికి పడేది 45 పైసలు. రైలు ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు ఇస్తారు. పాక్షిక వైకల్యానికి 7.5 లక్షలు, గాయాలతో ఆసుపత్రిలో చేరితే 2 లక్షల దాకా ఖర్చు ఇస్తారు. కౌంటర్లో కొన్న టికెట్‌కు ఇది లేదు. ఈ-టికెట్ అయి ఉండాలి, అదీ కన్ఫర్మ్ గానీ ఆర్ఏసీ గానీ అయి ఉండాలి.

టిక్కు పెట్టేశాం కదా అని వదిలేయకండి. బుకింగ్ అయ్యాక బీమా కంపెనీ నుంచి మెసేజ్, మెయిల్ వస్తాయి. అందులో లింకు తెరిచి నామినీ పేరు నింపాలి. నింపకపోతే, జరగరానిది జరిగిన రోజున ఇంట్లోవాళ్లు వారసత్వ కాగితాల కోసం తిరగాల్సి వస్తుంది. టికెట్ ఏజెంటు తీసిపెడితే ఆ మెసేజ్ ఎవరి ఫోన్‌కు వెళ్లిందో కూడా అడగండి.

* * *

దూరం పెరిగేకొద్దీ రైల్లో కిలోమీటరుకు పడే ధర తగ్గుతుంది. అందుకే దూరప్రయాణాన్ని రెండు ముక్కలు చేసి రెండు టికెట్లు కొంటే, ఒకే టికెట్ కంటే ఎక్కువ పడుతుంది. మధ్యలో దిగి ఊరు చూడాలంటే ఎలా అంటారా? మామూలు మెయిల్, ఎక్స్‌ప్రెస్ బండ్లలో 500 కిలోమీటర్లు దాటిన టికెట్‌పై ఒకచోట, 1000 దాటితే రెండు చోట్ల దిగి రెండేసి రోజులు ఆగవచ్చు. మొదటి మజిలీ మాత్రం 500 కిలోమీటర్లు ప్రయాణించాకే. రాజధాని, శతాబ్ది వంటి వాటిలో ఈ వీలు లేదు. బయల్దేరిన స్టేషన్‌కే తిరిగొచ్చే యాత్ర అయితే సర్క్యులర్ టికెట్ ఉంది. దానిమీద ఎనిమిది చోట్ల దాకా దిగవచ్చు, ఛార్జీ కూడా దూరప్రయాణపు తక్కువ రేటులోనే కడతారు. ఇది ఆన్‌లైన్‌లో అయ్యే పని కాదు. పెద్ద స్టేషన్‌కు వెళ్లి, దారి రాసిచ్చి అడగాలి. నాలుగు క్షేత్రాలు చుట్టి వద్దామనుకునే కుటుంబాలకు ఇంత పనికొచ్చేది మరొకటి లేదని నా నమ్మకం. కానీ దీని గురించి అడిగేవాళ్లే తక్కువ.

మీరు వెళ్లలేకపోతే, కన్ఫర్మ్ అయిన మీ టికెట్‌ను అమ్మానాన్నలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు, భార్య లేదా భర్త, వీళ్లలో ఒకరి పేరుకు మార్పించవచ్చు. బండి బయల్దేరడానికి 24 గంటల ముందే రిజర్వేషన్ ఆఫీసులో అడగాలి. బంధుత్వం రుజువు చూపాలి. ఒక టికెట్‌కు ఒక్కసారే మారుస్తారు.

మీరు ఎక్కాల్సిన స్టేషన్‌కు బండి మూడు గంటలకు మించి ఆలస్యంగా వస్తోందా? ప్రయాణం మానుకుంటే డబ్బంతా వెనక్కి వస్తుంది. బండి కదలకముందే టీడీఆర్ (డబ్బు వాపసు కోరే దరఖాస్తు) వేయాలి, అంతే.

* * *

ఆరోగ్య బీమాలో ఒక్క విషయం దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగుతాను. అది మా ఇంట్లోనే జరిగింది.

మా బాబాయి, పిన్ని కాంచీపురం, తిరుత్తణి చూసొస్తామని బయల్దేరారు. చెన్నైలో దిగిన రాత్రే బాబాయికి కడుపునొప్పి, వాంతులు. తెల్లారేసరికి ఆసుపత్రిలో ఉన్నారు. పిత్తాశయంలో రాళ్లు, ఆపరేషన్ చేయాలన్నారు. అడ్మిషన్ కౌంటర్లో కుర్రాడు తెలుగులోనే అడిగాడట.

“ఏ రూమ్ కావాలమ్మా? షేరింగా, సింగిలా?”

“సింగిలే ఇవ్వు నాయనా. ఇన్సూరెన్స్ ఉందిగా.”

పిన్ని తప్పేం లేదు. ఆ గాభరాలో ఎవరైనా అదే అంటారు. పాలసీ ఏడేళ్ల నాటిది, 3 లక్షలకు. అందులో ఒక షరతు ఉంది: గది అద్దె రోజుకు బీమా మొత్తంలో 1 శాతం, అంటే 3,000. వాళ్లు తీసుకున్న గది 6,000. నాలుగు రోజులకు గదికి 24,000. సర్జన్, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి 84,000. మందులు, పరీక్షలు 32,000. మొత్తం 1,40,000.

డిశ్చార్జ్ రోజున నేను వెళ్లాను. గది తేడా రోజుకు 3,000, నాలుగు రోజులకు 12,000 మనం కట్టుకుంటే సరిపోతుందని లెక్కేసుకుంటూ వెళ్లాను. కౌంటర్లో చేతికిచ్చిన కాగితం మీద మేం కట్టాల్సింది 54,000 అని ఉంది.

ఎలాగంటే, గది అద్దెలో సగమే మంజూరైంది కాబట్టి, అదే దామాషాలో డాక్టర్ల ఫీజు, థియేటర్ ఛార్జీ కూడా సగానికి కోసేశారు. 84,000లో 42,000 పోయింది. గది తేడా 12,000 దానికి కలిసింది. గదిని బట్టి డాక్టరు ఫీజు కూడా మారే ఆసుపత్రి అది. షేరింగ్ రూమ్ తీసుకుని ఉంటే అసలు బిల్లే తగ్గేది, కోతా ఉండేది కాదు. మందులు, పరీక్షలు, లోపల అమర్చే పరికరాలు, ఐసీయూ ఛార్జీల మీద ఈ దామాషా కోత వేయకూడదని 2020లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన పెట్టింది. గదిని బట్టి ఫీజులు మార్చని ఆసుపత్రిలో ఏ పద్దు మీదా వేయకూడదు. ఆ 32,000 పూర్తిగా వచ్చింది అందుకే.

పాలసీ కొనేటప్పుడు ప్రీమియం ఎంత అని అందరం అడుగుతాం. గది అద్దెకు పరిమితి ఉందా అని అడిగేవాళ్లు అరుదు. నన్నడిగితే అన్నిటికంటే ముందు అడగాల్సింది అదే. ఏడాదికి వెయ్యో రెండు వేలో తక్కువని పరిమితి ఉన్న ప్లాన్ తీసుకుంటే, ఆ మిగిలింది నాలుగు రోజుల్లో తిరిగి కట్టేయాల్సి రావచ్చు. అలాంటి పాలసీ ఇప్పటికే ఉంటే కంగారుపడి రద్దు చేసుకోకండి. రెన్యూవల్‌కు 45 రోజుల ముందే అడిగితే, గడిచిపోయిన వెయిటింగ్ పీరియడ్ (పాత జబ్బులకు బీమా వర్తించేదాకా ఆగాల్సిన కాలం) లెక్క పోకుండా ఇంకో కంపెనీకి మారవచ్చు. పిన్ని ఇప్పుడు ఇన్సూరెన్స్ కార్డు వెనక బాల్ పెన్నుతో ‘రూమ్ 3000’ అని పెద్ద అక్షరాలతో రాసుకుంది. ప్రయాణమైతే కార్డు పర్సులో ఉండాల్సిందే.

* * *

క్యాష్‌లెస్ అడిగాక బీమా కంపెనీ గంటలో తేల్చి చెప్పాలి. డిశ్చార్జ్ వేళ తుది అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలి. అంతకు మించి ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే, ఆ ఖర్చు కంపెనీదే. ఇది 2024 మేలో తెచ్చిన నిబంధన.

వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీలపై 18 శాతంగా ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి పూర్తిగా తీసేశారు. కొత్త పాలసీ కాగితాలు చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లోగా వెనక్కి ఇచ్చేయవచ్చు కూడా.

షుగరు, బీపీ ఉన్న సంగతి దాచమని చెప్పే ఏజెంటు మాట దయచేసి వినకండి. ఆ ప్రీమియం మీదే, రేపు క్లెయిమ్ తిరగ్గొడితే నష్టమూ మీదే. చెప్పిన జబ్బుకు మూడేళ్లకు మించి వెయిటింగ్ పెట్టడానికి వీల్లేదు. ఐదేళ్లు వరసగా రెన్యూవల్ చేసుకుంటూ వచ్చాక, మోసం రుజువైతే తప్ప ‘అప్పుడు చెప్పలేదు’ అన్న సాకుతో కంపెనీ క్లెయిమ్ కొట్టేయలేదు. నిజం చెప్పినవాళ్లకు ఈ నిబంధనలన్నీ తోడుంటాయి.

* * *

కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలని వెళ్లే పెద్దలు మన రెండు రాష్ట్రాల నుంచీ ఉంటారు. 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. 2024 అక్టోబరులో మొదలైంది. ఆధార్ ఉంటే చాలు. ఏడాదికి 5 లక్షల దాకా, పథకంలో చేరిన ఆసుపత్రి దేశంలో ఎక్కడున్నా చెల్లుతుంది, కాశీలో అయినా సరే. ఆసుపత్రిలో చేరితేనే వర్తిస్తుంది, ఓపీకి కాదు. అమ్మమ్మకో తాతయ్యకో ఇంకా తీయించకపోతే ఈ వారమే తీయించండి.

రోడ్డు ప్రమాదంలో గాయపడ్డవాళ్లకు, ఎవరైనా సరే, మొదటి ఏడు రోజుల్లో 1.5 లక్షల దాకా నగదు కట్టకుండా వైద్యం చేయాలని కేంద్రం 2025 మేలో పథకం తెచ్చింది. వాళ్లకు సొంత బీమా ఉందా అన్న ప్రశ్నే లేదు. పక్కనున్నవాళ్లు 112కు ఫోన్ చేయడంతో సాయం మొదలవుతుంది.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు ఒకటి గుర్తుంచుకోవాలి. మనం ఇక్కడ కట్టే మామూలు ఆరోగ్య పాలసీలు చాలావరకు ఇక్కడి వైద్యానికే. అక్కడికి వేరే తీసుకోవాలి. వాటిలో చౌకవి ‘ఫిక్స్‌డ్’ ప్లాన్లు. డాక్టరును చూస్తే ఇంత, స్కాన్‌కు ఇంత అని ముందే రాసిపెట్టిన మొత్తమే ఇస్తాయి, బిల్లు ఎంతైనా సరే. ‘కాంప్రహెన్సివ్’ ప్లాన్ అయితే మన వాటా పోగా మిగిలిన బిల్లులో పెద్ద భాగం పరిమితి దాకా భరిస్తుంది. అక్కడి బిల్లులు చూసినవాళ్లెవరూ నాలుగు డాలర్ల కోసం మొదటిది కొనమని చెప్పరు. పాతజబ్బు హఠాత్తుగా ముదిరితే ఇస్తామనే షరతు చాలా ప్లాన్లలో ఉంటుంది కానీ, ఒక వయసు దాటాక ఆ వెసులుబాటు తీసేస్తారు. ఆ వయసెంతో అడిగి మరీ కొనండి. ఐరోపాకు షెంగెన్ వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాల్సిందే.

గల్ఫ్‌కు పనికోసం వెళ్లేవాళ్ల సంగతి వేరు. జగిత్యాల, నిజామాబాద్ వైపు ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు దుబాయిలోనో కువైట్‌లోనో ఉంటారు. ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరి అయిన) పాస్‌పోర్టుతో పనికి వెళ్లేవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి, లక్ష దాకా వైద్య ఖర్చులూ ఉన్నాయి. యజమాని మారినా చెల్లుతుంది. అయితే ఆ కాగితం చాలాసార్లు ఏజెంటు ఫైల్లోనే ఉండిపోతుంది. విమానం ఎక్కేముందు దాని ఫొటో ఇంటావిడ ఫోన్‌కు పంపించమని మీ ఊరి అబ్బాయికి చెప్పండి.

* * *

క్లెయిమ్ అన్యాయంగా తిరగ్గొట్టారనుకోండి. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలరోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం వాళ్లకు ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. 50 లక్షల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, మీ మాట మీరే చెప్పుకోవచ్చు.