ఒంటిగంట దాటిన హైదరాబాద్: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్ రాత్రి గురించి ఒకే ఇంట్లో రెండు మాటలు వినిపిస్తాయి. గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే కుర్రాడు ఈ ఊరు నిద్రే పోదంటాడు. పదకొండు దాటితే మంచినీళ్ల సీసా కూడా దొరకదని వాళ్ల బాబాయి విసుక్కుంటాడు. ఇద్దరూ చూసిందే చెబుతున్నారు, కాకపోతే వేర్వేరు వీధుల్లో చూశారు. చిక్కల్లా తాము చూసిన వీధినే ఊరంతా అనుకోవడంతో వస్తుంది. అలా స్థిరపడిపోయిన నమ్మకాలు కొన్నింటిని విప్పి చూద్దాం.

అపోహ: అర్ధరాత్రి తిరగడం ఐటీ కంపెనీలొచ్చాక పట్టుకున్న అలవాటు

సైబర్ టవర్స్ ప్రారంభమైంది 1998లో. అంతకు ఎన్నో దశాబ్దాల ముందు నుంచే పాతబస్తీకి రంజాన్ రాత్రులున్నాయి. తరావీ నమాజు అయ్యాక మదీనా నుంచి పత్తర్‌గట్టీ మీదుగా చార్మినార్ దాకా, అక్కణ్నుంచి లాడ్ బజార్ గాజుల దుకాణాల్లోకి జనం కదులుతుంటే పగలో రాత్రో తేల్చుకోవడం కష్టం. తెల్లవారకముందు తినే సహరీ వేళ దాకా బేరాలు నడుస్తాయి. పిల్లలు తండ్రుల భుజాల మీద నిద్రపోతుంటారు, తల్లులు ఇంకా దుపట్టా రంగు దగ్గరే ఉంటారు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన మన హలీంకు అసలైన మార్కెట్టు ఆ నెల రాత్రులే.

రంజాన్‌తోనే అయిపోలేదు. రాత్రంతా సన్నని సెగ మీద ఉడికిన నహారీ, పాయా తెల్లవారకముందే గిన్నెల్లోకి దిగుతాయి, పక్కన చార్‌కోన్ నాన్. నాంపల్లి వైపు తెల్లవారుజామున రామ్ కీ బండీ చుట్టూ దోసె కోసం నిలబడే గుంపు సరేసరి. పాతబస్తీ పెళ్లిళ్ల సంగతి వెళ్లొచ్చినవాళ్లకు చెప్పక్కర్లేదు. కార్డు మీద ఏ టైము అచ్చువేసినా బిర్యానీ ముందుకొచ్చేసరికి పదకొండు దాటుతుంది. ఇంట్లో కాస్త తినేసి వెళ్లడం తెలివైన పని. ఇటు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సుదర్శన్, దేవి, సంధ్య థియేటర్ల సెకండ్ షో వదిలితే చాయ్ బండ్లకు అదే అసలు గిరాకీ వేళ.

ఐటీ తెచ్చిన కొత్తదనం అమెరికా గడియారం. న్యూయార్క్‌లో మధ్యాహ్నం పన్నెండంటే మనకు కాలాన్ని బట్టి రాత్రి తొమ్మిదిన్నరో పదిన్నరో. సాయంత్రం అయిదింటికి వాళ్లు ఆఫీసు వదిలేసరికి మనకు రెండున్నరో మూడున్నరో అవుతుంది. మాధాపూర్‌లో నాలుగింటికి బిర్యానీ తినేవాణ్ని చూసి పెద్దలు బుగ్గలు నొక్కుకుంటారు గానీ, వాడికది డ్యూటీ దిగాక తినే రాత్రి భోజనం.

అపోహ: నైట్‌లైఫ్ అంటే పబ్బులే

టీవీ చానళ్ల పుణ్యమిది. రాత్రి హైదరాబాద్ అనగానే నీలిరంగు లైట్లు, మొహాలకు చేతులడ్డం పెట్టుకుని పరుగెత్తే కుర్రకారు. నిజానికి రాత్రంతా మెలకువగా ఉండే ఊరిలో పబ్బు త్వరగా పడుకునే బాపతు. ఎక్సైజ్ నిబంధనల ప్రకారం గ్రేటర్ హైదరాబాద్ పరిధిలో బార్లకు అర్ధరాత్రి దాకా, శుక్ర, శనివారాల్లో మాత్రం ఒంటిగంట దాకా అనుమతి. పాట సంగతి వేరే. శబ్ద కాలుష్య నియమాలు 2000 నుంచి అమల్లో ఉన్నాయి. నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు. ఇద్దరు మామూలుగా మాట్లాడుకున్నా అంతకంటే ఎక్కువే ఉంటుంది. జూబ్లీహిల్స్ కాలనీలవాళ్లు పబ్బుల మోత మీద కోర్టుకెక్కడం, 2022లో హైకోర్టు రాత్రి పది తర్వాత సంగీతం మీద ఆంక్షలు పెట్టడం ఈ లెక్కతోనే. పబ్బు తలుపులు మూసుకున్నాకే ఊళ్లో చాలామందికి పని మొదలవుతుంది. బోయిన్‌పల్లి మార్కెట్లోకి కూరగాయల లారీలు దిగుతాయి. గుడిమల్కాపూర్‌లో బంతి, చామంతి బుట్టలు తెల్లారేలోపే చేతులు మారతాయి. రామ్‌నగర్ చేపల మార్కెట్లో ఐసు పగలగొట్టే చప్పుడు. వీధులూడ్చే మహిళలు మనం లేచేసరికే సగం పని ముగించి ఉంటారు. వీళ్లంతా తాగే చాయ్ ఎవరో ఒకరు కాయాలిగా. ఆ బండివాడిది కూడా నైట్‌లైఫే.

అపోహ: 24 గంటలూ తెరిచి ఉంచొచ్చని జీవో వచ్చింది, ఇక దుకాణాలకు వేళలు లేవు

ఈ ఒక్క మాట చుట్టూ ఉన్నంత గందరగోళం ఇంకెక్కడా లేదు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చిన మాట నిజమే. కానీ అది అందరికీ దానంతటదే వర్తించదు. దుకాణాలు, సంస్థల చట్టంలోని వేళల నిబంధన నుంచి మినహాయింపు కావాలనుకున్నవాళ్లు దరఖాస్తు చేసుకోవాలి, ఏడాదికి 10,000 రూపాయల రుసుము కట్టాలి. పనివాళ్లకు గుర్తింపు కార్డులు, వారానికో సెలవు, ఎక్కువ గంటలకు ఎక్కువ జీతం ఇవ్వాలి. రాత్రి షిఫ్టులో ఆడవాళ్లుంటే వాళ్ల సమ్మతి తీసుకోవాలి, రాకపోకలకు వాహనం పెట్టాలి. మద్యం దుకాణాలకు ఈ వెసులుబాటు లేదని అప్పుడే తేల్చిచెప్పారు. సూపర్‌మార్కెట్ చైన్లకు పదివేలు లెక్కలోకి రావు. మిర్చీ బజ్జీల బండికి ఆ కాగితాలన్నీ ఎవరు నింపిస్తారు?

ఏడాది తిరిగేసరికి బండి ఎదురు దిశకు మళ్లినట్టు కనిపించింది. 2024 జూన్‌లో పోలీసు వాహనం మైకులోంచి దుకాణాలు కట్టేయమని హెచ్చరిస్తున్న వీడియో ఫోన్లలో తిరిగింది. పదిన్నర, పదకొండుకే ఊరు బంద్ అన్న ప్రచారం గుప్పుమంది. అలాంటి కొత్త ఆదేశమేదీ లేదని పోలీసులు వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. విషయం శాసనసభ దాకా వెళ్లింది. మద్యం అమ్మేవి తప్ప తిండి దొరికే చోట్లు రాత్రి ఒంటిగంట దాకా తెరిచి ఉంచొచ్చని ఆగస్టులో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సభలోనే ప్రకటించారు.

అంటే ఒకే వీధిలో మూడు గడియారాలు. కార్మిక శాఖ అనుమతి ఉన్న దుకాణానికి ఒకటి, ఇరానీ హోటల్‌కు ఒకటి, బారుకు ఇంకొకటి. పైపెచ్చు నగరంలో చిన్నాచితకా కేసులు పెట్టడానికి ఇప్పటికీ ఆధారం ఫసలీ 1348 నాటి హైదరాబాద్ నగర పోలీసు చట్టం. ఆ ఫసలీ లెక్కను మామూలు సంవత్సరాల్లోకి మారిస్తే 1938 ప్రాంతం. నిజాం పోయాడు, ఆ చట్టం మాత్రం ఈ రాత్రి డ్యూటీలో ఉంది.

ఇన్ని గడియారాలున్నప్పుడు చెల్లేది ఆ పూట వచ్చిన పెట్రోలింగ్ కారు గడియారమే. అందుకే షట్టరు సగం దించి, లైటు ఒకటే ఉంచి, కుర్రాణ్ని మూల మీద కాపలా నిలబెట్టి అమ్మడమనే విద్య ఈ ఊళ్లో పుట్టింది. బండివాడు ఏ వేళకు కట్టేయాలో చెబితే కట్టేస్తాడు. ఇవాళ ఒంటిగంట, రేపు పదకొండున్నర అంటేనే వాడు పిండి ఎంత కలపాలో తెలియక నష్టపోతాడు. పైగా ఇది చేతకాని పనేమీ కాదు. 2025 రంజాన్ నెలకు దుకాణాలు రాత్రంతా తెరిచి ఉంచొచ్చని ప్రభుత్వం ముందుగానే ప్రకటించింది. నెల పొడుగునా అందరికీ ఒకే మాట.

అపోహ: పదకొండు దాటాక రోడ్డు మీద ఉండటమే నేరం

కాదు. కర్ఫ్యూనో నిషేధాజ్ఞలో ఉంటే తప్ప రాత్రి నడవడాన్ని నేరమనే చట్టం లేదు. నిషేధాజ్ఞలంటే ఒకప్పటి 144 సెక్షన్. 2024 జులై నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 163. అనుమానం వస్తే ఆపి ఎవరు, ఎక్కణ్నుంచి అని అడిగే అధికారం పోలీసులకుంది. సమాధానం చెప్పి, గుర్తింపు కార్డు చూపిస్తే సాధారణంగా అక్కడితో సరి.

ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. పాతబస్తీ పెద్దలకు కర్ఫ్యూ రాత్రులు బాగా గుర్తు. 1990 డిసెంబరు నాటి అల్లర్లు చూసినవాళ్లకు సైరన్ వినగానే తలుపు గడియ మీదికి చెయ్యి పోతుంది. ఆ తర్వాతి తరం చూసింది ‘ఆపరేషన్ చబూత్రా’. అరుగుల మీద, గల్లీ మలుపుల్లో కబుర్లాడే కుర్రాళ్లను రాత్రిళ్లు స్టేషన్‌కు తీసుకెళ్లి, తల్లిదండ్రులను పిలిపించి కౌన్సెలింగ్ ఇచ్చే కార్యక్రమమది. గొడవలు తగ్గుతాయని సంతోషించిన తల్లులున్నారు. రెండు గదుల ఇంట్లో ఎనిమిది మందిమి ఉంటే అరుగు మీద కాక ఎక్కడ కూర్చోవాలని అడిగిన పిల్లలూ ఉన్నారు. నాకు రెండో ప్రశ్నే బరువైనదనిపిస్తుంది. బంజారాహిల్స్ కాఫీ షాపులో అదే వేళకు కూర్చున్నవాళ్ల తల్లిదండ్రులను ఎవరూ పిలిపించరు.

ఆడవాళ్లు తెలుసుకోవాల్సిన నియమం ఒకటుంది. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా మహిళను అరెస్టు చేయకూడదు. తప్పని పరిస్థితుల్లో మహిళా అధికారి మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి తీసుకుని చేయాలి.

అపోహ: ప్రమాదమంతా అర్ధరాత్రిలోనే ఉంది, ఆడపిల్లలు తొమ్మిదికల్లా ఇల్లు చేరితే చాలు

2019 నవంబరులో దేశాన్ని కుదిపేసిన శంషాబాద్ అత్యాచారం, హత్య ఘటన మొదలైంది అర్ధరాత్రి కాదు, రాత్రి పదిలోపే. టోల్ ప్లాజా పక్కన, లారీలు నిలిపే నిర్మానుష్యమైన చోట. అదే వేళకు చార్మినార్ దగ్గర కాలు పెట్టే సందు ఉండదు. గడియారం ముల్లు కంటే వెలుతురు, మనుషులు, తెరిచి ఉన్న దుకాణాలే ఎక్కువ కాపాడతాయి. ఆ లెక్కన ప్రతి వీధినీ పదకొండుకే మూయించడం భద్రత పేరుతో చేసే తిరకాసు పని. ఆ తర్వాత డ్యూటీ దిగే నర్సుకు చీకటి రోడ్డే మిగులుతుంది.

2014లో మొదలైన పోలీసుల షీ టీమ్స్, 2024లో వచ్చిన టీ-సేఫ్ పనికొచ్చేవే. క్యాబ్ ఎక్కేముందు టీ-సేఫ్‌లో ప్రయాణం నమోదు చేసుకుంటే గమ్యం చేరేదాకా పోలీసులు గమనిస్తారు. ఆపద వస్తే 100, 112. ఈ నంబర్లు తెలిసినవాళ్లు చాలామందే. టీ-సేఫ్ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

అపోహ: మజ్జిగ తాగి, కిళ్లీ నమిలి ఊదితే యంత్రం పట్టుకోదు

తాగి బండి నడిపేవాళ్లను పట్టే తనిఖీలో యంత్రం చూసేది ఊపిరితిత్తుల్లోంచి వచ్చే గాలిని. నెత్తురులోని ఆల్కహాల్ అందులోకి వస్తూనే ఉంటుంది. సోంపు, లవంగం, కాఫీ నోటి వాసనను మార్చగలవు, నెత్తురును మార్చలేవు. పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. ‘ఒక్క బీరేగా’ అన్నది చాలామందిని ఆ గీత దాటించే మాట. మొదటిసారికి 10,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

అపోహ: మెట్రోను రాత్రంతా నడిపితే అన్నీ సర్దుకుంటాయి, విదేశాల్లో అలాగే నడుపుతారు

న్యూయార్క్‌లో నడుపుతారు. టోక్యోలో చివరి రైలు అర్ధరాత్రి ప్రాంతంలోనే వెళ్లిపోతుంది. లండన్ 2016లో మొదలుపెట్టిన నైట్ ట్యూబ్ శుక్ర, శనివారాల్లో, అదీ కొన్ని మార్గాల్లోనే. పట్టాలు, కరెంటు లైన్ల మరమ్మతులకు రైళ్లు ఆగే ఆ కొన్ని గంటలే దొరుకుతాయి మరి. మన మెట్రో వేళలు చాలాసార్లు మారినా, మామూలు రోజుల్లో చివరి రైలు అర్ధరాత్రి లోపే ఉంటూ వచ్చింది. హోటళ్లేమో ఒంటిగంటకు. ఆ తేడాను ఇప్పుడు ఆటోవాడు అడిగిన రేటూ, క్యాబ్ యాప్ పెంచిన రేటూ పూడుస్తున్నాయి. వారం పొడుగునా లండన్ రాత్రులను మోసేది నైట్ బస్సులే. మనకూ ఆ దారే చవక. విమానాశ్రయానికి వేళకాని వేళ కూడా పుష్పక్ బస్సులు నడపగలిగిన ఆర్టీసీకి సికింద్రాబాద్ నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కో, మాధాపూర్ నుంచి మెహిదీపట్నానికో గంటకొక బస్సు వేయడం తెలియని విద్య కాదు. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. హోటల్లో గిన్నెలు తోమి ఒంటిగంటకు బయటికొచ్చే మనిషికి ఆ పథకం అందాలంటే ముందు ఆ వేళకు బస్సుండాలి.