అమ్మ పనికి కూలి ఎంత?

తెల్లారకముందే లేవాలి. ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, అన్నం మెత్తగా మెదిపి ఒక్కో ముద్దా తినిపించాలి. తొందరపడితే పొలమారుతుంది. అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టకపోతే వీపు పుండ్లు పడుతుంది. ఇదంతా పసిపాపకు కాదు... సెరెబ్రల్ పాల్సీతో పుట్టి పన్నెండేళ్లు నిండిన పిల్లాడికి. ఏటా వాడి బరువు పెరుగుతుంది. ఎత్తే అమ్మకు ఏటా వయసు పెరుగుతుంది.

కామారెడ్డి జిల్లా నస్రుల్లాబాద్ లాంటి మండలంలో ఇలాంటి తల్లి ఏం కోల్పోతోందో లెక్కగట్టడం కష్టమేం కాదు. నిజాంసాగర్ ఆయకట్టు ఊళ్లివి. నాట్లు మొదలైతే ఆడకూలీలకు చేతినిండా పని. బిడ్డను వదిలి ఆమె పొలానికి వెళ్లలేదు. ఇక మిగిలేది ఈ ప్రాంతంలో ఇంటింటా కనిపించే బీడీల చాట. అదైనా సాగాలి కదా! లోపలి నుంచి మూలుగు వినపడితే చాట పక్కన పెట్టి లేవాల్సిందే. సాయంత్రానికి చూస్తే అనుకున్నవాటిలో సగం బీడీలు కూడా కావు.

మరి ఆ బిడ్డ కోసం పొద్దంతా చేసిన పనికి కూలి?

'పింఛను వస్తోందిగా' అంటారు ఊళ్లో. వస్తుంది. కానీ అది బిడ్డది. తెలంగాణ ఏర్పడ్డాక 2014లో రూ.1,500గా మొదలైన దివ్యాంగుల పింఛను 2019లో రూ.3,016కు, 2023 జులైలో రూ.4,016కు పెరిగింది. కేంద్రం ఇచ్చే ఇందిరాగాంధీ దివ్యాంగ పింఛను నెలకు రూ.300. అదీ పద్దెనిమిదేళ్లు నిండి, 80 శాతం వైకల్యం ఉన్న పేదలకే. అంటే చిన్నపిల్లలకు అందులో చోటే లేదు. వచ్చిన సొమ్ము మందులకు, ఫిజియోథెరపీకి, బాన్సువాడకో కామారెడ్డికో తిరిగే ఆటో ఖర్చులకు సరిపోతే గొప్ప. ఆసరా పింఛన్లలో బీడీ కార్మికులున్నారు, నేతన్నలున్నారు, గీతన్నలున్నారు, ఒంటరి మహిళలున్నారు. బిడ్డకు కాపలాగా ఇంట్లోనే ఉండిపోయిన అమ్మకు మాత్రం ఆ జాబితాలో ప్రత్యేకంగా ఓ వరుస లేదు.

నిజానికి ఆ వరుస చట్టంలో ఉంది. 2016లో పార్లమెంటు ఆమోదించిన దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. దాని 24వ సెక్షన్‌లో సామాజిక భద్రత పథకాల జాబితా ఉంది. పింఛను, నిరుద్యోగ భృతి, వాటి పక్కనే... 'ఎక్కువ సహాయం అవసరమైన దివ్యాంగులకు సంరక్షకుల భత్యం'. కాకపోతే అదే సెక్షన్ మొదట్లో ఓ మెలిక పెట్టారు. ప్రభుత్వం 'తన ఆర్థిక స్తోమత మేరకు' ఈ పథకాలు తేవాలట! ఆ నాలుగు మాటల సందులోంచి ఎన్ని రాష్ట్రాలైనా జారిపోవచ్చు.

జారిపోనివీ ఉన్నాయి. ఈ చట్టం కంటే ముందే కేరళ 'ఆశ్వాసకిరణం' పేరుతో మంచాన పడ్డవారిని చూసుకునేవాళ్లకు నెలనెలా సాయం మొదలుపెట్టింది. అది రూ.600 దగ్గరే ఉండిపోయింది... ఇప్పటి ధరల్లో ఏ మూలకు? అయినా ఆ డబ్బు సంరక్షకుల పేరునే వస్తుంది. సెరెబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత లాంటి జబ్బులున్నవారిని చూసుకునేవాళ్లకు నెలకు వెయ్యి ఇస్తామని పొరుగున ఉన్న కర్ణాటక 2024-25 బడ్జెట్‌లో ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌ది వేరే దారి. 2024 జులై నుంచి మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి పింఛనునే రూ.15 వేలు చేసింది.

'ఇంట్లోనే ఉంటారుగా, భత్యం ఎందుకు?' అన్న మాట మనదగ్గరే పుట్టిందేం కాదు. బ్రిటన్‌లో సంరక్షకుల భత్యం 1976లోనే మొదలైంది. కానీ పెళ్లయిన ఆడవాళ్లకు ఇవ్వలేదు. జాకీ డ్రేక్ అనే గృహిణి తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానేసి, ఆ నిబంధనపై కోర్టుకెక్కింది. 1986లో యూరప్ న్యాయస్థానం ఆమె పక్షాన తీర్పిచ్చింది. అక్కడ ఇప్పుడు వారానికి కనీసం 35 గంటలు చూసుకున్నవారు ఆ భత్యానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. వారానికి 35 గంటలు! నస్రుల్లాబాద్ అమ్మకు అవి రెండున్నర రోజుల్లో అయిపోతాయి.

మన దేశంలోనూ సర్కారు కొలువున్న తల్లులకు కొంత ఊరట ఉంది. కేంద్ర ఉద్యోగినులకు పిల్లల సంరక్షణ కోసం సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవు దొరుకుతుంది. దివ్యాంగులైన పిల్లలుంటే వారి వయసుతో పనిలేదు. హిమాచల్‌ప్రదేశ్‌లో ఓ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ఈ సెలవు ఇవ్వకపోతే 2024లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది. బీడీల చాటకు సెలవెవరిస్తారు?

భత్యం వచ్చేదాకా ఉన్నవైనా వదులుకోకూడదు. అన్నిటికీ మొదటి మెట్టు వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు. బడి ఈడు పిల్లలకు మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. బడికి తీసుకెళ్లి తెచ్చేవారికి సమగ్ర శిక్ష కింద ఎస్కార్ట్ అలవెన్స్ ఉంది. చాలా చిన్న మొత్తమే... అయినా పిల్లాడి వెంట ఉండే మనిషిని లెక్కలోకి తీసుకుంటుంది. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి నేషనల్ ట్రస్టు 'నిరామయ' బీమా ఏడాదికి రూ.లక్ష వరకూ వర్తిస్తుంది.

భత్యం మాట అడగాలంటే చట్టంలోని 38వ సెక్షన్ పేరెత్తాలి. ఎక్కువ సహాయం కావాలని దరఖాస్తు పెడితే దాన్ని బోర్డు పరిశీలించాలని చెప్పేది అదే. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. కదలిక లేకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

ఇంకొకటి. పైన చెప్పిన నాలుగు వైకల్యాల్లో ఏదున్నా, బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండాక సంతకాలకూ ఆస్తి వ్యవహారాలకూ కన్నతల్లి అయినా చట్టబద్ధ సంరక్షకురాలిగా నియమించమని కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. ఆ కాగితం మీద ఆమె హోదా 'సంరక్షకురాలు' అనే ఉంటుంది. జీతం గడి మాత్రం ఉండదు.