టీవీ వెనకాల దుబాసి

విశాఖ కూర్మన్నపాలెంలో మా మావయ్యగారి హాల్లో ఓ 32 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ ఉంది. పదేళ్ళ కిందటిది, బొమ్మ ఇప్పటికీ కళకళలాడుతోంది. స్టీల్ ప్లాంటులో మూడు షిఫ్టులూ తిరిగి రిటైరైన మనిషి కదా, ఏ వస్తువునైనా ఆఖరి దమ్ము దాకా వాడతాడు. ఆమధ్య నేను వెళ్తే కుర్చీ దగ్గరికి లాక్కుని అడిగాడు.

"ఏటి అల్లుడూ, నెట్టులో సినిమాలు టీవీలో పడే డబ్బా ఉందట. కొనమంటావా? లేపోతే టీవీయే మార్చీమంటావా?"

ఒక్క మాటలో చెప్పేయొచ్చు. కానీ టీవీ కింద అరలో చచ్చిపోయిన పాత కేబుల్ డబ్బా ఒకటి కనబడింది. దాన్ని చూశాక జవాబు కొంచెం పొడుగయ్యింది.

పూర్వం విశాఖపట్నం రేవులో ఇంగ్లీషు కంపెనీ బట్టల వ్యాపారం చేసే రోజుల్లో దొరకీ మన నేతగాళ్ళకీ మధ్య దుబాసి ఉండేవాడు. దొరకి తెలుగు రాదు, నేతగాడికి ఇంగ్లీషు రాదు. దుబాసి రెండు వైపులా మాట్లాడి బేరం కుదిర్చి, తన వాటా తను తీసుకునేవాడు. టీవీ పక్కన పెట్టే ప్రతి డబ్బా చేసేదీ ఆ పనే. బొమ్మ మనింటికొచ్చే దారి కొన్నేళ్ళకోసారి మారిపోతుంది. టీవీ అద్దం మాత్రం పదేళ్ళు, పదిహేనేళ్ళు ఉంటుంది. దారి మాట్లాడే భాష అద్దానికి అర్థంకానప్పుడల్లా మధ్యలోకి ఓ దుబాసి వస్తాడు.

కోళ్ళగూటి వలతో గొడుగు

తెలుగు పల్లెల్లో ఈ దుబాసి మొదట దిగింది 1975లో. ఆ ఏడాది ఆగస్టు 1న ఇస్రో, నాసా కలిసి 'సైట్' అనే ప్రయోగం మొదలుపెట్టాయి. ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహాన్ని ఏడాదిపాటు అరువు తెచ్చుకుని, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి నేరుగా ఆకాశం నుంచే కార్యక్రమాలు పంపారు. ఊళ్ళో అందరూ చూసే చోట టీవీ పెట్టి, దగ్గర్లో పది అడుగుల గొడుగు నిలబెట్టేవారు. ఆ గొడుగుకి బిగించింది కోళ్ళగూళ్ళకి కట్టే ఇనుప వల. వచ్చే రేడియో తరంగం పొడవు జానెడున్నర. అంత పెద్ద అలకి వలలోని చిన్న కంతలు లెక్కలోకి రావు, గట్టి రేకు తగిలినట్టే తగిలి వెనక్కి తిరుగుతుంది. వల అయితే ధరా తక్కువ, గాలికి ఎదురు నిలవడమూ తక్కువ.

చిక్కు గొడుగు దగ్గర కాదు, టీవీ దగ్గర వచ్చింది. ఉపగ్రహం 860 మెగాహెర్ట్జ్ దగ్గర, బొమ్మని ఎఫ్ఎం పద్ధతిలో పంపేది. మామూలు టీవీకి ఆ పద్ధతి తెలీదు. అందుకని గొడుగుకీ టీవీకీ మధ్య ఓ చిన్న పెట్టె పెట్టి, పైనుంచి వచ్చినదాన్ని టీవీకి తెలిసిన రూపంలోకి మార్చారు. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ ఈ ప్రయోగానికి టీవీ సెట్లు తయారుచేసింది. 1976 జులై 31తో గడువు తీరి ఉపగ్రహం వెళ్ళిపోయింది. పై నుంచి మాట్లాడేవాడు లేకపోతే దుబాసికి మాత్రం పనేముంది?

విశాఖకి డబ్బా వచ్చిన ఏడు

కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో ఇళ్ళల్లో ఏ డబ్బా ఉండేది కాదు. తర్జుమా అంతా కేబుల్ ఆపరేటర్ గదిలోనే జరిగిపోయేది. ఆయన గొడుగులతో ఛానళ్ళని పట్టి, టీవీకి నేరుగా అర్థమయ్యే రూపంలోకి మార్చి, స్తంభాల మీదుగా వైరు లాగి వదిలేవాడు. కాకపోతే ఒక్కో ఛానలూ వైరులో ఒక్కో వరస మొత్తం ఆక్రమించుకునేది. అదే వరసలో డిజిటల్ పద్ధతిలో అయితే పది ఛానళ్ళకి పైగా పడతాయి.

2011లో కేబుల్ చట్టాన్ని సవరించి దేశాన్ని విడతలవారీగా డిజిటల్లోకి మళ్ళించారు. మొదటి విడత నాలుగు మహానగరాలు. రెండో విడతలో 38 నగరాలు, వాటిలో తెలుగు నేల మీదివి రెండే: హైదరాబాద్, విశాఖపట్నం. పెట్టిన గడువు 2013 మార్చి 31. మావయ్య అరలో ఉన్నది ఆనాటి డబ్బాయే.

పేపరు పరిచి స్క్రూలు విప్పాం. కేబుల్ తగిలించే మొన మీద పచ్చగా కిలుము పట్టింది. విశాఖలో సముద్రం కిటికీలోంచి కనబడకపోయినా ఇనుముకీ ఇత్తడికీ కనబడుతూనే ఉంటుంది. లోపల ఓ మూల రేకు గూడు, అది ట్యూనర్. వైరులో కలగాపులగంగా వచ్చే వరసల్లోంచి మనమడిగిన దాన్ని ఏరి తీసేది అదే. మధ్యలో అల్యూమినియం పళ్ళ కింద నల్ల చిప్పు, అసలు తర్జుమా దానిది. కరెంటు లోపలికొచ్చే చోట ఓ కెపాసిటర్ నెత్తి ఉబ్బిపోయి ఉంది. మావయ్య కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇదా చచ్చింది! మిగతాదంతా బానే ఉందే" అన్నాడు. నిజమే. ఆ చిన్న భాగం మార్చితే డబ్బా బతికేదేమో. కానీ అప్పటికి బొమ్మ వచ్చే దారే మారిపోయింది.

ఆ డబ్బాలు ఊళ్ళో దిగిన ఏడాదిన్నరకే, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడింది. స్తంభాలు ఒరిగాయి, వైర్లు తెగాయి, డాబాల మీది డిష్‌లు ఎగిరిపోయాయి. దారి తెగితే ఎంత మంచి దుబాసైనా మూగవాడేనని ఊరంతటికీ అర్థమైంది.

ఇరవై లక్షల చుక్కల లెక్క

ఇంటర్నెట్ మీద సినిమా రావడం ఎంత గొప్ప సంగతో తెలియాలంటే ఓ గుణకారం చేయాలి. ఫుల్ హెచ్‌డీ బొమ్మ అంటే 1920 నిలువు వరసలు, 1080 అడ్డ వరసలు. మొత్తం 20 లక్షల 73 వేల చుక్కలు. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు. సెకనుకి 25 బొమ్మలు. అన్నీ గుణిస్తే సెకనుకి 124 కోట్ల బిట్లు. మనింటికి వచ్చేది అందులో దాదాపు 250వ వంతు, సెకనుకి 50 లక్షల బిట్లు. అంటే నెట్ వాళ్ళ భాషలో 5 ఎంబీపీఎస్. మిగిలిందంతా ఎటుపోయింది?

1974 జనవరిలో ఐఈఈఈ పత్రికలో అచ్చైన ఓ చిన్న వ్యాసంలో ఆ కిటుకు ఉంది. రాసినవాళ్ళు ముగ్గురు: బెంగుళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, ఆయన శిష్యుడు టి. నటరాజన్, మూడోవారు కామిశెట్టి రామమోహనరావు. ఇంటిపేరు వింటేనే మనవాళ్ళ పేరు విన్నట్టుంటుంది. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్ శాఖలో పాఠం చెప్పిన ప్రొఫెసర్ ఆయన. అంతకు రెండేళ్ళ ముందు ఈ ఆలోచన మీద పరిశోధనకి డబ్బులిమ్మని అహ్మద్ అమెరికా సైన్స్ ఫౌండేషన్‌ని అడిగితే, వాళ్ళు ఇవ్వలేదు.

డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్ అనే ఆ పద్ధతి బొమ్మని చిన్న చిన్న గళ్ళుగా కోస్తుంది. ఒక్కో గడిలో చుక్కలన్నిటినీ విడివిడిగా చెప్పకుండా, ఇందులో లావు అలలు ఎన్ని పాళ్ళు, సన్న అలలు ఎన్ని పాళ్ళు అని చెబుతుంది. ఆర్కే బీచ్ మీది ఆకాశంలో ఓ గడి తీసుకుంటే అందులో దాదాపు ఒకటే నీలం, ఒక్క అంకెతో సరిపోతుంది. కంటికి అంతగా ఆనని సన్న అలల్ని వదిలేసినా మనం పట్టుకోలేం. దానికి తోడు ఇంకో పొదుపు. హార్బరులోకి ఓడ వస్తోందనుకోండి. డాల్ఫిన్స్ నోస్ కొండ కదలదు. కొండని ఒక్కసారి పంపి, ఆ తర్వాత ఓడ ఎంత జరిగిందో చెబితే చాలు. ఎంపెగ్-2, దాని తర్వాత 2003లో వచ్చిన హెచ్.264, 2013లో వచ్చిన హెచ్.265 అనే కుదింపు పద్ధతులన్నీ ఈ రెండు పొదుపుల మీద కట్టిన ఇళ్ళే. డబ్బాలోని చిప్పు అలా కుదించి కట్టిన పొట్లాన్ని విప్పి మళ్ళీ 20 లక్షల చుక్కలు పేరుస్తుంది, సెకనుకి పాతికసార్లు.

కరెంటు స్తంభాల మీద గాజు తీగ

మన రాష్ట్రంలో ఈ పొట్లాలు ఫైబర్ మీద ఇంటింటికీ చేరే కథ విశాఖ చుట్టూనే తిరుగుతుంది. ఏపీ ఫైబర్‌నెట్ భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా సుమారు 24,000 కిలోమీటర్ల కేబుల్ లాగింది. మొత్తం వ్యవస్థని కనిపెట్టుకుని ఉండే ఆపరేషన్స్ సెంటర్‌ని విశాఖలో పెట్టింది. 2017 డిసెంబర్ 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని జాతికి అంకితం చేశారు. అప్పట్లో నెలకి 149 రూపాయలకే ఇంటర్నెట్, ఫోను, 250 టీవీ ఛానళ్ళు ఇచ్చేవారు. అక్కడ ఇంట్లో పెట్టిన డబ్బా కేబుల్ డబ్బాలా కనబడినా లోపల జాతి వేరు. కేబుల్ డబ్బా ఊళ్ళో పారే కాలవలోంచి ముంచుకునేది. ఇది నీకేం కావాలో అడిగి తెప్పించేది. 2023 జూన్ 2న ఇదే విశాఖలో, కొత్త సినిమాని విడుదల రోజే ఇంట్లో చూపించే పథకం కూడా ఆ సంస్థ ప్రారంభించింది. 99 రూపాయలు కడితే 24 గంటలపాటు చూడొచ్చని అప్పుడు చెప్పారు.

సముద్రాల అవతల ఇంకో కథ నడిచింది. నెట్‌ఫ్లిక్స్ తన సొంత డబ్బా తయారుచేయించి, తీరా అమ్మబోయే ముందు ఆగిపోయింది. సొంత డబ్బా అమ్మితే మిగతా పరికరాల కంపెనీలు తనని పోటీదారుగా చూస్తాయని దాని భయం. ఆ పని చూస్తున్న ఆంథోనీ వుడ్ కంపెనీ రోకుకే దాన్ని అప్పజెప్పింది. 2008 మేలో 100 డాలర్లకి అది బజారుకొచ్చింది. 2013లో గూగుల్ క్రోమ్‌కాస్ట్ 35 డాలర్లకే, పెన్‌డ్రైవ్ సైజుకి వచ్చేసింది. మావయ్య డబ్బాలో మనం చూసిన ట్యూనర్ గూడు వీటిలో లేదు, దాని చోట వైఫై చిప్పు. ఏరడం సర్వరు పని, విప్పడం మాత్రమే దీని పని.

సినిమా దానికి కొన్ని సెకన్ల ముక్కలుగా అందుతుంది. ప్రతి ముక్కా సర్వరులో నాలుగైదు నాణ్యతల్లో సిద్ధంగా ఉంటుంది. నెట్ జోరుగా ఉంటే డబ్బా పెద్దది అడుగుతుంది, మందగిస్తే చిన్నది. కథానాయకుడి మొహం ఒక్కసారిగా మసకబారితే అడిగే సైజు తగ్గించిందన్నమాట. చక్రం తిరుగుతుంటే దాచుకున్న ముక్కలు అయిపోయాయన్నమాట. ఇందులో డబ్బా తప్పు తక్కువ, వైఫై తప్పే ఎక్కువ. రెండు గోడల అవతల రూటరు పెట్టి కొత్త డబ్బా కొంటే ఆ చక్రం అలాగే తిరుగుతుంది.

ఇంతకీ కొనాలా?

స్మార్ట్ టీవీలో అద్దం వయసు వేరు, మెదడు వయసు వేరు. ప్యానెల్ పదేళ్ళు హాయిగా వెలుగుతుంది. లోపలి చిప్పూ, చాలీచాలని మెమరీ నాలుగైదేళ్ళకే ఆయాసపడతాయి, యాప్‌ల కొత్త వెర్షన్లు మొరాయిస్తాయి. అలాంటి టీవీకి పెన్‌డ్రైవ్ లాంటి స్టిక్ ఒకటి పెడితే మెదడొక్కటే మారుతుంది, అద్దం నిలుస్తుంది. మావయ్య టీవీకి అసలు ఆ మెదడే లేదు, వెనకాల హెచ్‌డీఎంఐ కంత మాత్రం శుభ్రంగా ఉంది. కాబట్టి కొనొచ్చు. టీవీలోనే యాప్‌లు చకచకా నడుస్తుంటే, లేదా ఫైబర్ వాళ్ళిచ్చిన డబ్బాలోనే కావలసినవన్నీ ఉంటే, ఇంకోటి దండగ.

కొనేటప్పుడు చూడాల్సింది ముఖ్యంగా ఒకటుంది: వైడ్‌వైన్ ఎల్1 అనే తాళం. అది లేని డబ్బాలో పెద్ద యాప్‌లు హెచ్‌డీ ఇవ్వవు, 4కే అని అట్టపెట్టె మీద ఎంత పెద్ద అక్షరాలున్నా సరే. కరెంటు భయం అక్కర్లేదు. మూడు వాట్లు లాగే డబ్బా ఏడాది పొడుగునా ఆపకుండా ఉన్నా 26 యూనిట్లే.

భయపడాల్సింది ఊరూ పేరూ లేని, 'అన్నీ ఫ్రీ' అనే డబ్బాలకి. వాటిలో కొన్ని ఫ్యాక్టరీలోనే దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుని వస్తున్నాయి. బ్యాడ్‌బాక్స్ అని పేరుపడ్డ ఆ ముఠా చేతిలో కోటికి పైగా పరికరాలున్నాయంటూ 2025 జులైలో గూగుల్ కోర్టుకెక్కింది. అంతకు నెల ముందే అమెరికా ఎఫ్‌బీఐ జనాన్ని హెచ్చరించింది. మనింటి నెట్ కనెక్షన్ మనకి తెలియకుండా ఎవడి మోసానికో ముసుగవుతుంది.

పేరున్న దుబాసి కూడా వాటా లేకుండా పని చేయడు. డబ్బాలు అమ్మితే మిగిలేది అంతంతమాత్రం. అసలు రాబడి ప్రకటనల్లో, మనమేం చూస్తున్నామన్న లెక్కల్లో ఉంది. విజియో అనే టీవీ కంపెనీ జనం చూసేవన్నీ చెప్పకుండా రాసుకున్నందుకు 2017లో అమెరికాలో 22 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

మర్నాడు గాజువాక వెళ్ళి స్టిక్ తెచ్చాం. బిగించి ఆన్ చేస్తే సినిమాల కంటే ముందు అనుమతులు వచ్చాయి. చూసే అలవాట్లు పంపించుకోమంటారా, ప్రకటనలు మీ అభిరుచిని బట్టి చూపించమంటారా అని ఒకదాని వెనక ఒకటి. నేను చకచకా 'సరే' నొక్కేస్తుంటే మావయ్య రిమోట్ లాక్కున్నాడు.

"ఆగెహె. ప్లాంటులోంచి ఓ బోల్టు బయటికెళ్ళాలన్నా గేట్ పాస్ ఉండాల. ఇది మనింట్లోంచి ఏటి పట్టుకెళ్తాదో ముందు చదువు."

సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఒక్కొక్కటే చదివి వినిపించాను. ఆయన వద్దన్నవన్నీ ఆపేశాం. అరగంట పట్టింది. సినిమా ఆ తర్వాతే మొదలైంది.