పేరు ఎవరిది? గెలుపు ఎవరిది?

నకిరేకల్‌లో బస్సెక్కి హైదరాబాదు పోయినవాళ్ళు అక్కడి పోలీసులను చూసే ఉంటారు. ఆ పోలీసుల జట్టు ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆటలో దేశాన్నే గెలిచింది. ఈ సంగతి మనలో ఎందరికి తెలుసు?

ఫుట్‌బాల్‌లో మన దేశంలో పాత పేరున్న జట్టు కలకత్తాలోని మోహన్ బగాన్. 1889లో పుట్టింది. 1911లో తెల్లదొరల సైన్యం జట్టును 2-1 గోల్స్‌తో ఓడించింది. ఆ రోజు మనవాళ్ళలో ఒక్కరికే బూట్లు. మిగతా పదిమంది ఉత్తకాళ్ళతో ఆడారు. దొరలను ఓడించొచ్చని జనానికి ధైర్యం వచ్చింది. ఆ పేరు ఇంకా నిలిచి ఉంది.

ఇక హైదరాబాదు సిటీ పోలీస్ జట్టు. దీనికి ఆట నేర్పినాయన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన బడిపంతులు! 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో ఈ జట్టు మోహన్ బగాన్‌నే ఓడించింది. అప్పట్లో బొంబాయిలో ఆడిన రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేండ్లు గెలిచింది. మాటలా?

రహీం పంతులు భారత జట్టుకు కూడా ఆట నేర్పారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చింది. మరుసటి ఏడే రహీం కాన్సర్‌తో చనిపోయారు.

మరి పోలీస్ జట్టు పేరు ఎందుకు మాసిపోయింది? అది సర్కారు శాఖ జట్టు. మోహన్ బగాన్ జనం క్లబ్బు. తండ్రి అభిమానం కొడుక్కు వస్తుంది. పైగా మన మంచి ఆటగాళ్ళు కలకత్తాకు పోయారు. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడకు చెందిన బలరాం 1957లో అక్కడి ఈస్ట్ బెంగాల్ జట్టులో చేరారు.

ఆ ఐదేండ్ల ఆట చూస్తే నా లెక్కలో మనదే పైచేయి. పేరు మాత్రం కలకత్తాదే. 2024లో రహీం మీద 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది. అప్పుడుగానీ మనలో చాలామంది ఆయన పేరు వినలేదు.