నిస్తంత్రీ యంత్రముల గడియారము

సూర్యుడు నడినెత్తికి వచ్చుట ప్రొద్దుటూరులోకంటె పులివెందులలో ఒక నిమిషమునకు పైగా ఆలస్యము. జమ్మలమడుగు ఆ రెండింటి నడిమి రేఖాంశములో నున్నది. అయినను మూడు ఊళ్ళ గడియారములును 82½ డిగ్రీల తూర్పు రేఖాంశపు కాలమునే చూపును.

ఈ ఊళ్ళను కలుపు వైర్‌లెస్ రౌటర్లు ఒకదాని వెంట నొకటి ఆగిపోయిన వనుకొందము. మొదట చెడినదేది? ప్రతి యంత్రమును తనలో వ్రాసికొనిన వేళలే సాక్ష్యము. గడియారములు కలియనిచో సాక్ష్యము తారుమారగును. బ్యాటరీ లేని కొన్ని రౌటర్లు కరెంటు పోయి వచ్చినపుడు 1970 జనవరి 1 నుండి లెక్క మొదలిడును.

దీనికి మందు 1985లో అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ మిల్స్ వెలువరించిన నెట్‌వర్కు కాల నియమావళి. రౌటరు తన 0 సెకండువద్ద కాలకేంద్రమును వేళ యడుగును. కేంద్రము తన గడియారములో 5.04 అని వెంటనే బదులిచ్చును. ఆ జవాబు రౌటరు గడియారములో 0.08వద్ద చేరును. రాకపోకలకు 0.08 సెకండు, అందులో సగము 0.04. కావున చేరునప్పటికి సరియైన వేళ 5.08. అనగా రౌటరు 5 సెకండ్లు వెనుకబడినది.

అమర్చునపుడు మూడు రౌటర్లకును ఒకే కాలకేంద్రపు చిరునామా నీయవలెను. వచ్చునది అంతర్జాతీయ కాలము. కనుక కాలమండలమును +5:30గా నుంచవలెను. లేనిచో వేళ 5½ గంటలు వెనుకగా కనబడును.

పోకకును రాకకును సమానకాలము పట్టునని ఈ లెక్క నమ్మును. అవి సమానము కానిచో తేడాలో సగము తప్పుగా మిగులును.